కారుకు విద్యుత్తు నేర్పిన కెటరింగ్

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో మోటారు కారును కదిలించడమంటే ఒక విధమైన బలప్రదర్శనే. యజమాని కారు ముందుకు వచ్చి, ఇంజను అడుగున ఉన్న రంధ్రంలో వంకర ఇనుప కడ్డీని దూర్చి, దేహబలమంతా వెచ్చించి తిప్పవలసి వచ్చేది. చలికాలంలో ఇంజనులోని నూనె గడ్డకట్టి ఆ శ్రమ రెట్టింపయ్యేది. నిప్పురవ్వ పుట్టే సమయాన్ని ముందుగా సరిచేసుకోవడం మరచిపోతే ఇంజను ఒక్కసారిగా వెనక్కి తన్నేది. ఆ విసురుకు కడ్డీ చేతిలోంచి జారి మణికట్టునో, మోచేతినో, దవడనో విరగగొట్టేది. స్త్రీలు, వృద్ధులు, దుర్బలులు స్వయంగా కారు నడపడం అసాధ్యమనే భావన ఆనాడు స్థిరపడడానికి ఈ కడ్డీయే ముఖ్యకారణం. మన దేశపు అంబాసిడర్ కార్లలో సైతం అత్యవసర సమయాల కోసం ఇటువంటి హ్యాండిల్ చాలాకాలం ఉండేది. ఆ ఇనుప కడ్డీని మానవుని చేతినుండి తప్పించి, దాని స్థానంలో ఒక చిన్న మీటను ఉంచిన ఇంజనీరు చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగ్.

కెటరింగ్ 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ అనే చిన్న ఊరి సమీపంలోని ఒక వ్యవసాయ క్షేత్రంలో జన్మించాడు. తండ్రి జేకబ్, తల్లి మార్తా. ఐదుగురు సంతానంలో ఆయన నాలుగవవాడు. పొలం పనుల నడుమ పెరిగిన ఆ బాలునికి యంత్రాలంటే ఎంత మక్కువో, చదువంటే అంత ఆసక్తి. అయితే విధి ఆయన కన్నులపై చిన్నచూపు చూసింది. కాసేపు పుస్తకం పట్టుకుంటే చాలు, కళ్లు మండి, తల పగిలిపోయేటంతటి నొప్పి వచ్చేది. పాఠశాల విద్య ముగిశాక కొంతకాలం గ్రామీణ పాఠశాలల్లో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. తరువాత ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదవడానికి చేరాడు గాని, కంటిబాధ కారణంగా చదువు మధ్యలోనే ఆపవలసి వచ్చింది.

ఆ నిరాశలో ఆయన ఎన్నుకున్న పని టెలిఫోను స్తంభాలు పాతడం. ఆష్‌ల్యాండ్ పట్టణంలో ఒక టెలిఫోను సంస్థ కోసం గోతులు తవ్వి, స్తంభాలు నిలబెట్టి, తీగలు లాగే జట్టులో చేరి కొద్దికాలంలోనే ఆ జట్టుకు నాయకుడయ్యాడు. ఆరుబయట పని ఆయన కళ్లకు విశ్రాంతినిచ్చింది. అంతకన్న ముఖ్యంగా, విద్యుత్తు అనే అదృశ్యశక్తి తీగల్లో ఎలా ప్రవహిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో, ఏ అతుకు దగ్గర బలహీనపడుతుందో చేతులతో తెలుసుకునే అవకాశం కలిగింది. తన జీవిత సహచరి ఆలివ్ విలియమ్స్‌తో పరిచయం కూడా ఆష్‌ల్యాండ్‌లోనే ఏర్పడింది. తిరిగి విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు మిత్రులు పాఠాలు పైకి చదువుతుంటే విని గ్రహించేవాడు. ఆ విధంగా 1904లో, ఇరవై ఏడేళ్ల వయస్సులో, విద్యుత్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాడు. చెవితో చదివిన ఆ చదువు ఆయనకు ఒక మేలు చేసిందనుకోవాలి. సూత్రాన్ని కంఠస్థం చేయడం కంటే, వస్తువును మనస్సులో రూపుకట్టించుకోవడం ఆయనకు అలవాటుగా మారింది.

పట్టా చేతికందిన వెంటనే డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ ఆయనకు ఉద్యోగమిచ్చింది. దుకాణాల్లో డబ్బు లెక్కగట్టే యంత్రాలను ఆ కంపెనీ తయారుచేసేది. ఆ యంత్రాన్ని పనిచేయించడానికి గుమాస్తా ప్రతిసారీ ఒక పిడిని తిప్పవలసి వచ్చేది. ఆ పనిని విద్యుత్ మోటారుకు అప్పగించడం కెటరింగ్ ముందుంచిన సమస్య. అప్పటి ఇంజనీర్లు మోటారు అనగానే రోజంతా నిరంతరాయంగా తిరిగే యంత్రాన్నే ఊహించేవారు. అంతటి మోటారును పెడితే అది గల్లాపెట్టె కంటే పెద్దదవుతుంది. కెటరింగ్ ఆలోచన వేరు. గల్లాపెట్టె మోటారు ఒక్క క్షణం గట్టిగా పనిచేసి, ఆపైన చాలాసేపు ఊరకే ఉంటుంది. క్షణకాలం పనిచేసే మోటారుకు దాని శక్తికి మించిన భారం మోపినా, వేడెక్కి కాలిపోయేలోగా పని ముగిసిపోతుంది. ఈ చిన్న గ్రహింపుతో ఆయన రూపొందించిన చిన్న మోటారు గల్లాపెట్టెలో ఇమిడిపోయింది. ఈ సూత్రమే తరువాత కొన్నేళ్లకు కారు భవితవ్యాన్ని మార్చింది.

ఆ కంపెనీలోనే ఉన్నతోద్యోగిగా ఉన్న ఎడ్వర్డ్ డీడ్స్ కెటరింగ్‌కు ఆప్తమిత్రుడయ్యాడు. కార్ల భవిష్యత్తుపై నమ్మకంగల డీడ్స్ తన ఇంటి వెనుక ఉన్న పశువుల కొట్టాన్ని ప్రయోగశాలగా మార్చాడు. పగలంతా ఉద్యోగం చేసుకుని, సాయంకాలాలు, సెలవు దినాలు ఆ కొట్టంలో గడిపే కొందరు సహోద్యోగులు వీరితో కలిశారు. కొట్టం ముఠా అనే సరదా పేరు వారికి స్థిరపడిపోయింది. 1909లో కెటరింగ్ ఉద్యోగం వదులుకుని పూర్తిగా ఈ పనికే అంకితమయ్యాడు. ఆ ఏడాదే డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ ఏర్పడింది. ఆంగ్లంలోని దాని పేరులోని తొలి అక్షరాల కూర్పే లోకమంతటా ప్రసిద్ధికెక్కిన డెల్కో.

వారు ముందుగా చేపట్టినది నిప్పురవ్వ సమస్య. పెట్రోలు ఆవిరిని మండించడానికి ఆనాటి కార్లలో నిప్పురవ్వలను జల్లుజల్లుగా కురిపించే కాయిళ్లు ఉండేవి. ఒక్క రవ్వ చాలేచోట పది రవ్వలు పుట్టడం వల్ల పొడి బ్యాటరీలు త్వరగా నీరసించిపోయేవి. కెటరింగ్ ఒక రిలే సహాయంతో సరైన క్షణంలో ఒకే ఒక్క బలమైన రవ్వ పుట్టి, వెంటనే కరెంటు ఆగిపోయే ఏర్పాటు చేశాడు. కాడిలాక్ కార్ల అధిపతి హెన్రీ లీలండ్ దీనిని మెచ్చి 1910 నాటి తన కార్ల కోసం వేల సంఖ్యలో కొనుగోలుకు ఒప్పందం చేసుకున్నాడు. బ్యాటరీ, కాయిల్, కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సర్ కలిసిన ఇగ్నిషన్ వ్యవస్థను నేటికీ ఇంజనీర్లు కెటరింగ్ ఇగ్నిషన్ అనే వ్యవహరిస్తారు.

దాని పనితీరు తెలుసుకోదగినది. పాయింట్లు మూసుకోగానే కాయిల్‌లోకి కరెంటు ప్రవహించడం మొదలవుతుంది. అయితే కాయిల్ స్వభావం విచిత్రమైనది. కరెంటు ఒక్కసారిగా పెరగడానికి అది ఒప్పుకోదు. అందువల్ల ప్రవాహం సున్నా నుండి కొన్ని మిల్లీ సెకన్ల పాటు వాలుగా పైకెక్కి శిఖరానికి చేరుతుంది. సరిగ్గా అప్పుడు పాయింట్లు విడిపోతాయి. ప్రవాహం హఠాత్తుగా తెగిపోవడంతో కాయిల్‌లో నిలువ ఉన్న అయస్కాంతశక్తి కుప్పకూలి, రెండవ చుట్టలో వేల వోల్టుల పీడనాన్ని పుట్టిస్తుంది. స్పార్క్ ప్లగ్ దగ్గర మెరుపు మెరుస్తుంది. ఈ తతంగమంతా కనురెప్ప వేసేంతలో ఎన్నోసార్లు జరిగిపోతుంది.

కొట్టంలో కూర్చున్న కెటరింగ్‌కు ఈ వాలును కళ్లారా చూసే సాధనం లేదు. అమ్మీటరు ముల్లు బరువైనది. అంతటి వేగాన్ని అది అందుకోలేదు. సగటు విలువను మాత్రమే చూపి ఊరుకుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లోనే, విద్యుత్తు ఎగుడుదిగుళ్లను కాంతిరేఖగా చూపే గాజుగొట్టాన్ని నిర్మించి ఆసిలోస్కోపుకు పునాది వేశాడు గాని, అది భౌతికశాస్త్ర ప్రయోగశాలలు దాటి మెకానిక్ బల్లపైకి రావడానికి దశాబ్దాలు పట్టింది. అలాగే 1879లో అమెరికన్ యువకుడు ఎడ్విన్ హాల్, కరెంటు ప్రవహించే లోహపు రేకును అయస్కాంత క్షేత్రంలో ఉంచితే రేకు అంచుల మధ్య అతి స్వల్పమైన వోల్టేజి ఏర్పడుతుందని కనుగొన్నాడు. హాల్ ప్రభావం అనే ఈ సత్యానికి గరాజులో ఉపయోగం దొరకడానికి అర్ధవాహకాలు రావలసి వచ్చింది.

నేడు ఈ రెండూ కలిసి ఒక సాధనమయ్యాయి. బట్టలారేసే క్లిప్పులా తెరుచుకునే ఒక చిన్న బిగింపును తీగ చుట్టూ తగిలిస్తారు. దీనిని లో ఆంప్ ప్రోబ్ అంటారు. తీగను కోయనవసరం లేదు, కనెక్షను విప్పనవసరం లేదు. తీగలో ప్రవహించే కరెంటు తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. బిగింపులోని ఇనుప వలయం ఆ క్షేత్రాన్ని పోగుచేస్తుంది. వలయపు సందులో ఉన్న హాల్ పలక దానిని వోల్టేజిగా మార్చి స్కోపుకు అందిస్తుంది. సాధారణంగా ఇటువంటి ప్రోబులు పదుల మిల్లీ ఆంపియర్ల నుండి అరవై ఆంపియర్ల దాకా కొలవగలవు. ఆంపియరుకు వంద మిల్లీ వోల్టుల చొప్పున స్కోపు తెరపై గీత లేస్తుంది. కొలవబోయే ముందు ప్రోబును సున్నాకు సరిచేయాలి. లేకపోతే ఇనుములో మిగిలిన అయస్కాంతత్వమే కరెంటుగా కనిపించి మోసగిస్తుంది. దవడలు పూర్తిగా మూసుకోవాలి. వెళ్లే తీగను, తిరిగివచ్చే తీగను కలిపి పట్టుకుంటే రెండు క్షేత్రాలు ఒకదానినొకటి రద్దుచేసుకుని తెరపై సున్నాయే మిగులుతుంది. కొలవవలసిన కరెంటు మరీ స్వల్పమైతే తీగను పది చుట్లు చుట్టి పట్టుకోవచ్చు. అప్పుడు ఫలితం పదిరెట్లుగా కనిపిస్తుంది.

ఈ విధంగా కెటరింగ్ కాయిల్ తీగను పట్టుకుంటే, ఆయన ఊహలో మాత్రమే చూసిన వాలు కళ్లముందు నిలుస్తుంది. కాయిల్ ఆరోగ్యంగా ఉంటే కరెంటు నునుపైన వాలుగా ఎక్కి, చివర నిట్టనిలువుగా పడిపోతుంది. చుట్టలోని తీగలు లోలోపల ఒకదానికొకటి తగిలి ఉంటే గీత మొదట్లోనే నిలువుగా ఎగబాకుతుంది. ఎక్కడో అతుకు తుప్పుపట్టి నిరోధం పెరిగితే శిఖరం తన ఎత్తుకు చేరక ముందే చదునైపోతుంది. ఓమ్ మీటరుతో కొలిచినప్పుడు నిర్దోషిగా తేలిన కాయిల్ కూడా, పనిచేస్తూ ఉండగా ఈ గీత ముందు తన దోషాన్ని దాచలేదు. కారు మొరాయించగానే కాయిల్, బ్యాటరీ, వైరింగు ఒకదాని తరువాత ఒకటి మార్చి చూసే పద్ధతి యజమాని జేబుకు చేటు. ఇంజను నడుస్తూ ఉండగానే తీగను అడిగి తెలుసుకోవడం ఎంతో మేలు.

ఇక మళ్లీ కడ్డీ కథకు వద్దాం. కార్టర్‌కార్ అనే వాహనాన్ని నిర్మించిన బైరన్ కార్టర్ లీలండ్‌కు స్నేహితుడు. ఆయన డెట్రాయిట్‌లో దారిలో ఆగిపోయిన ఒక మహిళ కారును నడిపించబోయి, వెనక్కి తన్నిన కడ్డీ దవడకు తగిలి, ఆ గాయం తరువాత మరణించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. వివరాలు చెప్పేవారిని బట్టి మారుతుంటాయి. కార్టర్ 1908లో మరణించిన మాట మాత్రం వాస్తవం. మిత్రుని మరణం లీలండ్‌ను కలచివేసిందనీ, కడ్డీ అవసరం లేని కారు కావాలని పట్టుబట్టి ఆయన కెటరింగ్‌ను పిలిపించాడనీ అంటారు.

అప్పటికే కొందరు సంపీడిత గాలితో, స్ప్రింగులతో ఇంజనును తిప్పడానికి ప్రయత్నించి విఫలులయ్యారు. విద్యుత్ మోటారుతో సాధ్యం కాదని నిపుణుల అభిప్రాయం. లెక్క ప్రకారం ఇంజనును తిప్పగల మోటారు దాదాపు ఇంజనంత ఉండాలి; దానికి కావలసిన బ్యాటరీలకే మరో కారు కావాలి. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కాని అది రోజంతా తిరిగే మోటారు లెక్క. కెటరింగ్‌కు గల్లాపెట్టె గుర్తుంది. ఇంజను అంటుకోవడానికి పట్టేది కొద్ది సెకన్లు. ఆ కొద్ది సెకన్లు ఒక చిన్న మోటారు తన తాహతుకు మించి శ్రమించగలదు. కొట్టంలోని బృందం రాత్రింబవళ్లు పనిచేసింది. 1911 ఫిబ్రవరిలో కాడిలాక్ కారుకు ఆ యంత్రాన్ని బిగించి లీలండ్ ముందు నడిపి చూపారు. 1912 మోడల్ కాడిలాక్ కార్లు కడ్డీ అవసరం లేకుండా మార్కెట్‌లోకి వచ్చాయి. 1915లో ఆ యంత్రానికి పేటెంటు లభించింది.

దానిని కేవలం స్టార్టరు అనడం న్యాయం కాదు. ఒకే యంత్రం ఇంజనును కదిలించేటప్పుడు మోటారుగానూ, ఇంజను నడుస్తున్నప్పుడు డైనమోగానూ పనిచేసేది. కదిలించేటప్పుడు బ్యాటరీలోని అరలు వరుసగా కలిసి 24 వోల్టులు ఇచ్చేవి. తరువాత 6 వోల్టులకు మారేవి. తాను ఖర్చుచేసిన విద్యుత్తును తానే తిరిగి నింపేది. రవ్వకూ, దీపాలకూ అదే ఆధారం. అంతకుముందు కారు దీపాలను అగ్గిపుల్లతో వెలిగించేవారు. కారులో ఒక సంపూర్ణ విద్యుత్ వ్యవస్థ అనేది ఈ యంత్రంతోనే ఆరంభమైంది. మన డ్రైవర్లు, మెకానిక్‌లు నేటికీ స్టార్టర్ మోటారును సెల్ఫ్ అని పిలుస్తారు. ఆనాటి సెల్ఫ్ స్టార్టర్ అనే పేరులో సగం ముక్క అలా మన నోళ్లలో మిగిలిపోయింది. కొద్ది సంవత్సరాల్లోనే ఇతర కంపెనీలు ఇదే దారి పట్టాయి. పొదుపుకు పేరుపడిన ఫోర్డు మోడల్ టి కారుకు కూడా 1919లో విద్యుత్ స్టార్టరు వచ్చింది. కడ్డీ తిప్పనవసరం లేదన్న కారణంతో అప్పటివరకు స్త్రీలు ఇష్టపడిన బ్యాటరీ కార్లకు గిరాకీ తగ్గింది. పెట్రోలు కారు విజయానికి విద్యుత్తే తోడ్పడడం చరిత్రలోని ఒక చమత్కారం.

సెల్ఫ్ మోటారు క్షణకాలం పీల్చుకునే కరెంటు వందల ఆంపియర్లలో ఉంటుంది. దానిని కొలవడానికి లో ఆంప్ ప్రోబ్ చాలదు, పెద్ద బిగింపు కావాలి. కాని ఆ గీత చెప్పే కథ ఆశ్చర్యకరమైనది. మొదట ఒక పెద్ద శిఖరం లేస్తుంది. నిశ్చలంగా ఉన్న మోటారు కదలడానికి చేసే పెనుగులాట అది. తరువాత గీత కిందికి దిగి చిన్నచిన్న అలలుగా సాగుతుంది. ఇంజనులో ఒక్కొక్క పిస్టను గాలిని నొక్కినప్పుడు మోటారుకు భారం పెరిగి ఒక్కొక్క అల లేస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో నాలుగు అలలూ సమానంగా ఉంటే నొక్కుడు సమానమే. ఒక అల కుంటితే ఆ సిలిండరులో వాల్వో, పిస్టను రింగులో దెబ్బతిన్నాయని అర్థం. ఇంజనును విప్పకుండానే, ఒక్క స్పార్క్ ప్లగ్ తీయకుండానే దాని లోపలి బలహీనత బ్యాటరీ తీగలో బయటపడుతుంది.

చిన్న మోటార్ల సంగతి మరింత ముచ్చటైనది. పెట్రోలు ట్యాంకులో ఉండే పంపు మోటారు సాధారణంగా కొన్ని ఆంపియర్లే తీసుకుంటుంది. ఇక్కడ లో ఆంప్ ప్రోబ్ తన పనితనం చూపుతుంది. ఆ మోటారు కమ్యుటేటరులోని ఒక్కొక్క రాగిముక్క బ్రష్షు కింద సాగిపోతున్నప్పుడు తెరపై ఒక్కొక్క మూపురం ఏర్పడుతుంది. ఎనిమిది ముక్కలున్న పంపు ఒక చుట్టు తిరిగితే ఎనిమిది మూపురాలు. వాటికి పట్టిన కాలం పది మిల్లీ సెకన్లయితే పంపు నిమిషానికి ఆరువేల చుట్లు తిరుగుతున్నదని లెక్కగట్టవచ్చు. ప్రతి ఎనిమిదింటిలో ఒకటి కుంగి ఉంటే ఆ రాగిముక్క అరిగినట్టే. నేడో రేపో ఆ కారు నడిరోడ్డుపై నిలిచిపోతుంది.

1916లో డెల్కో సంస్థను అమ్మివేసిన కెటరింగ్, ఆ యాజమాన్యం జనరల్ మోటార్స్‌లో విలీనమైన తరువాత, 1920 నుండి ఆ మహాసంస్థ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించాడు. మధ్యలో విద్యుత్తు లేని పల్లెలకు డెల్కో లైట్ అనే 32 వోల్టుల గృహ విద్యుత్ యంత్రాన్ని అందించాడు. దీపపు వత్తులు సరిచేస్తూ పెరిగిన రైతుబిడ్డకు ఈ పని ప్రియమైనది కావడంలో వింత లేదు.

పరిశోధన విభాగాధిపతిగా ఆయన జీవితంలోని అత్యంత వివాదాస్పదమైన ఘట్టం ఇంజను టకటక చప్పుడుతో మొదలైంది. బరువు లాగేటప్పుడు ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు శబ్దం వచ్చేది. ఆ నింద కెటరింగ్ బ్యాటరీ ఇగ్నిషన్ మీద పడింది. తన సృష్టిపై పడిన నిందను ఆయన తేలిగ్గా తీసుకోలేదు. సహచరుడు థామస్ మిడ్‌గ్లీతో కలిసి సిలిండరులోని పీడనాన్ని ఒక చిన్న అద్దం ద్వారా కాంతిరేఖగా చిత్రించే పరికరాన్ని వాడి చూశాడు. చప్పుడు పుట్టేది రవ్వ వెలువడిన తరువాతేనని, దోషం ఇగ్నిషన్‌లో గాక ఇంధనం మండే తీరులో ఉన్నదని ఆ రేఖ చెప్పింది. కంటికి కనిపించని దానిని గీతగా మార్చి చూడడమే ఇక్కడ కూడా నిందను తొలగించింది.

ఆపైన ఎన్నో రసాయనాలు పరీక్షించిన మిడ్‌గ్లీ 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం ఆ చప్పుడును అణచివేస్తుందని కనుగొన్నాడు. సీసం విషమని ఆనాటికే లోకానికి తెలుసు. ఆల్కహాలు కలిపినా చప్పుడు తగ్గుతుందని ఆ బృందానికి కూడా తెలుసు. అయినా కొద్దిపాటి కలిపితే చాలేదీ, పేటెంటు హక్కులతో లాభం తెచ్చేదీ సీసమే. దానిని అమ్మడానికి 1924లో ఏర్పడిన ఇథైల్ సంస్థకు కెటరింగ్ తొలి అధ్యక్షుడు. ఆ పేరులో సీసమనే మాట లేకపోవడం గమనార్హం. ఆ ఏడాది అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారంలో ఆ విషవాయువు సోకి ఐదుగురు కార్మికులు మతిచలించి మరణించారు. మరెందరో ఆసుపత్రుల పాలయ్యారు. 1925లో అమ్మకాలు కొంతకాలం ఆగినా, మరుసటి ఏడాదికే తిరిగి ప్రారంభమయ్యాయి. ఆనాటి నుండి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా కార్ల పొగగొట్టాల నుండి సీసం వెలువడి పసిపిల్లల రక్తంలో చేరింది. భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000లో ఆగిపోయింది. చిట్టచివరి దేశమైన అల్జీరియాలో అది 2021లో గాని ఆగలేదు. ఇదే బృందంలోని మిడ్‌గ్లీ కనుగొన్న ఫ్రియాన్ వాయువు ఓజోన్ పొరను దెబ్బతీస్తుందన్న విషయం మాత్రం వారి కాలంలో ఎవరికీ తెలియదు. సీసం విషయంలో అటువంటి సమాధానానికి తావు లేదు.

విఫలయత్నాలూ ఆయనకు లేకపోలేదు. నీటికి బదులు గాలితో చల్లబడే ఇంజను కోసం సిలిండర్లకు రాగిరేకులు అతికించి ఒక నమూనా రూపొందించాడు. 1923లో ఇటువంటి షెవర్లే కార్లు 759 తయారయ్యాయి. కొన్నవారి చేతికి చేరినవి సుమారు వంద మాత్రమే. అవి వేడెక్కి శక్తిని కోల్పోతుండడంతో కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంది. మనస్తాపం చెందిన కెటరింగ్ రాజీనామా లేఖ రాశాడు. కంపెనీ అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ స్లోన్ ఆయనను సముదాయించి నిలుపుకున్నాడు. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా సాగిన పరిశోధనల్లో, రైళ్లను లాగగల తేలికపాటి డీజిల్ ఇంజను ముఖ్యమైనది. ఆ కృషిలో ఆయన కుమారుడు యూజిన్ కూడా పాలుపంచుకున్నాడు. అమెరికా రైలు మార్గాల నుండి ఆవిరి యంత్రాలు తప్పుకోవడానికి ఆ ఇంజను దోహదం చేసింది.

1945లో స్లోన్, కెటరింగ్ల పేర్లతో న్యూయార్కులో క్యాన్సర్ పరిశోధన సంస్థ నెలకొన్నది. మరుసటి ఏడాది భార్య ఆలివ్ మరణించింది. 1947లో ఉద్యోగ విరమణ చేసిన కెటరింగ్, 1958 నవంబరులో డేటన్‌లోని స్వగృహంలో తన ఎనభై రెండవ ఏట కన్నుమూశాడు. అప్పటికి ఆయన పేరిట 186 పేటెంట్లు ఉన్నాయి. డేటన్ పక్కన ఆయన నివసించిన ప్రాంతం ఆయన జీవించి ఉండగానే కెటరింగ్ అనే పేరుతో పట్టణంగా ఏర్పడింది.

ఆయన అనంతరం కారు విద్యుత్ వ్యవస్థ చాలా మారింది. డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ వచ్చింది. అరిగిపోయే పాయింట్ల పనిని ట్రాన్సిస్టర్లు చేపట్టాయి. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క కాయిల్ వచ్చింది. కాని వాలుగా ఎక్కి నిలువుగా పడే కరెంటు గీత మాత్రం అలాగే ఉంది. కారు నిండా కంప్యూటర్లు చేరడంతో కొత్త చిక్కులు పుట్టాయి. తాళం వేసి నిలిపిన కారులో ఏదో ఒక పెట్టె నిద్రపోక కరెంటు తాగుతూ ఉంటుంది. సాధారణంగా అది 50 మిల్లీ ఆంపియర్లకు మించకూడదు. అర ఆంపియరు కారిపోతే 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు రోజులకే ఖాళీ అవుతుంది. అందువల్ల మెకానిక్ తలుపులు మూసి, కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారేదాకా ఓపికతో వేచి, ఆపైన బ్యాటరీ తీగకు ప్రోబు తగిలించి చూస్తాడు.

ఇటీవలి 48 వోల్టుల హైబ్రిడ్ కార్లలో స్టార్టరూ, జనరేటరూ మళ్లీ ఒకే యంత్రంగా కలిసిపోయాయి. 1912 నాటి కాడిలాక్‌లో కెటరింగ్ అమర్చినది అటువంటిదే. ఆ యంత్రపు తీగకు సరిపడిన బిగింపు తగిలిస్తే, ఇంజను కదిలేటప్పుడు గీత సున్నాకు పైకి లేస్తుంది. ఇంజను అందుకోగానే సున్నాను దాటి కిందికి దిగి, బ్యాటరీకి కరెంటు తిరిగి చేరుతున్నట్లు చూపుతుంది.